ఎవరి తల ఎగిరింది?

1941 అక్టోబరులో టోక్యోలోని అసకుస ప్రాంతంలో, హొంపోజి అనే బౌద్ధాలయ ఆవరణలో, ఒక సమాధి వెలిసింది. అందులో పాతిపెట్టింది మనిషిని కాదు, 53 కథల్ని. పాతిపెట్టింది పోలీసులూ కాదు, ఆ కథలు చెప్పి పొట్టపోసుకునే కథకులే. ఈ కాలానికి ఇవి తగవని వాళ్లే జాబితా రాసి, ఇకమీదట చెప్పబోమని ఒట్టు పెట్టుకుని, కథల ప్రతుల్ని పూడ్చి, పైన రాయి నిలబెట్టారు. దానికి 'హనషిజుక' అని పేరు. కథల సమాధి అని అర్థం. ఆ తరువాత రెండు నెలలైనా నిండకముందే జపాన్ విమానాలు పెర్ల్ హార్బర్ మీద విరుచుకుపడ్డాయి.

యుద్ధానికి సిద్ధమవుతున్న రాజ్యానికి నవ్వుతో ఏం తగాదా? ఓడలూ విమానాలూ లెక్క చూసుకోవలసిన వేళ, మెత్త మీద మోకాళ్లు మడిచి కూచుని విసనకర్ర ఆడిస్తూ కథ చెప్పేవాడిని చూసి పాలకులు ఎందుకు కలవరపడ్డారు? మన విమర్శకుల్లో హాస్యమంటే ఒక చిన్నచూపు ఉంది. ప్రగతిశీల విమర్శకుల్లో ఆ చిన్నచూపు ఇంకాస్త ఎక్కువ. కోపం పనికొస్తుంది, కన్నీరు పనికొస్తుంది, నవ్వు మాత్రం కాలక్షేపం అంటారు. పాలకులు ఏనాడూ అలా అనుకోలేదు. జపాన్ నవ్వుల కథాశాలల చరిత్ర చదివినకొద్దీ నాకు ఈ సంగతి బలపడుతూ వచ్చింది.

ఆ కథాశాల పేరు యోసె. జనాన్ని ఒకచోట చేర్చేది అనే అర్థంలో పుట్టిన మాట. అందులో ముఖ్యంగా నడిచే కళ రకుగో. ఒకే మనిషి, ఒకే మెత్త. చేతిలో ఒక విసనకర్ర, ఒక తుండుగుడ్డ. అంతకు మించి సరంజామా లేదు. విసనకర్ర అవసరాన్నిబట్టి కలమూ, కత్తీ, పొగగొట్టమూ, అన్నం తినే పుల్లలూ అవుతుంది. తల కుడివైపు తిప్పితే ఒక పాత్ర, ఎడమవైపు తిప్పితే మరొకటి. మన హరిదాసు నిలబడి, చిరతలు పట్టుకుని, గజ్జె కట్టి ఆడతాడు. ఇక్కడ కథకుడు లేచి నిలబడడు. నడుము పైభాగంతోనే ఊరంతటినీ చూపించాలి.

దీని మూలాలు గుడి ప్రసంగాల్లో ఉన్నాయని చరిత్రకారులు చెబుతారు. 1620లలో క్యోటోలో అన్‌రకుఅన్ సకుదెన్ అనే బౌద్ధ భిక్షువు వెయ్యికి పైగా నవ్వుకథలు సేకరించి పుస్తకం చేశాడు. భక్తులు కునుకు తీయకుండా ఉండాలంటే గురువుకు నవ్వించడం రావాలి మరి. ఆ శతాబ్దం చివరికి కథ గుడి దాటి వీధిలోకి వచ్చింది. వీధిలోకి వచ్చిన వెంటనే శిక్ష కూడా తిన్నది. 1693లో ఎడో నగరంలో (అదే నేటి టోక్యో) అంటురోగం ప్రబలినప్పుడు, ఒక గుర్రం నోరు తెరిచి మాట్లాడి మందు చెప్పిందని పుకారు పుట్టింది. ఆ మందు సరుకులు అమ్ముకున్నవాళ్లు బాగుపడ్డారు. విచారణలో, పుకారు పుట్టించినవాడికి ఆ ఊహ షికనొ బుజయెమోన్ అనే కథకుడి పుస్తకం చూసి వచ్చిందని తేలిందట. బుజయెమోన్‌ను ఒషిమ ద్వీపానికి పంపేశారు. కథలో గుర్రం మాట్లాడినందుకు కథకుడికి ప్రవాసం! ఆ తరువాత ఎడోలో ఈ కళ చాలాకాలం తల ఎత్తలేదు.

మళ్లీ ఎత్తినవాళ్లు ఎవరన్నది గమనించాలి. 1780లలో కథాగోష్ఠులు నడిపిన ఉతెయి ఎంబ వడ్రంగుల మేస్త్రి. 1798లో షితయ గుడి ఆవరణలో, డబ్బులు తీసుకుని కథ చెప్పే శాలను ఎడోలో తొలిసారి నడిపినవాళ్లలో ఒకడైన సన్షోతెయి కరకు దువ్వెనలు చేసేవాడు. ఐదు రోజులకే చెప్పడానికి కథలు అయిపోయి మూసేసుకున్నాడట. మరిన్ని కథలు నేర్చుకుని తిరిగి వచ్చాడు. కబుకి నాటకం చూడాలంటే పగలంతా పని మానుకోవాలి, ఖర్చూ ఎక్కువే. యోసె అలాంటిది కాదు. పని ముగించుకున్న వడ్రంగి, తాపీవాడు, దుకాణం కుర్రాడు రాత్రిపూట నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఎవరి మేడమీది గదిలోనో నాలుగు రాగి నాణాలకు దొరికే వినోదం అది. అందుకే కథల్లో మనుషులు కూడా వాళ్లే. ఇరుకు వరసఇళ్లలో అద్దె బాకీపడ్డ కాపురాలు, తాగుబోతులు, అప్పులవాళ్లు, తెలివి తక్కువ శిష్యులు. నాణాలు లెక్కపెడుతూ మధ్యలో టైమెంతని అడిగి సొబ అమ్మేవాడిని ఒక్క కాసుకు మోసం చేసినవాడి కథ ఎంత ప్రసిద్ధమో, ఆ ఎత్తే వేయబోయి తప్పు వేళకు వెళ్లి ఎదురు డబ్బులు ఇచ్చుకున్న మూర్ఖుడి కథ కూడా అందులో భాగమే.

రాజ్యం దీన్ని గమనిస్తూనే ఉంది. 1841లో మొదలైన తెంపో సంస్కరణల్లో మిజునొ తదకుని అనే మంత్రి పొదుపు పేరు చెప్పి పట్టణ వినోదాల మీద పడ్డాడు. వందకు మించి ఉన్న యోసెలు పదిహేనుకు దిగిపోయాయి. మిగిలినవాటిలోనూ దైవబోధ, నీతిబోధ, యుద్ధగాథలు, పాతకాలపు కథలు, ఈ నాలుగే చెప్పాలన్నారు. 1843లో మంత్రి పదవి పోయింది. యోసెలు వానాకాలపు పుట్టగొడుగుల్లా మళ్లీ లేచాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ 'తగయ' గురించి ఇక్కడే చెప్పాలి. తగయ అంటే పీపాలకు, తొట్లకు వెదురు పట్టీలు బిగించేవాడు. సుమిద నది మీద ర్యోగొకు వంతెన దగ్గర బాణసంచా కాల్చే రాత్రి. ఇసుక వేస్తే రాలని జనం. తారాజువ్వ పైకి లేచినప్పుడల్లా దాన్ని తయారుచేసిన దుకాణం పేరు 'తమయా!' అని అరవడం ఆనవాయితీ. ఆ రద్దీలో తగయ భుజం మీది వెదురు చుట్ట విప్పుకుని, ఎదురుగా గుర్రం మీద వస్తున్న సమురాయి టోపీని ఎగరగొట్టింది. కాళ్లావేళ్లా పడ్డాడు. ఇంట్లో ముసలి తల్లిదండ్రులున్నారు, వదిలెయ్యమన్నాడు. సమురాయి కత్తి దూశాడు. ఒక తల తారాజువ్వలాగా ఆకాశానికి ఎగిరింది. జనం 'తగయా!' అని అరిచారు. కథ అయిపోయింది.

ఆ తల ఎవరిది? మొదట్లో అది తగయ తలే. పేరులోని శ్లేష కోసం పుట్టిన కథ. పనివాడు చావడమే అందులో హాస్యం. ఎడో యుగం చివరి రోజుల్లో, పనివాళ్లతో కిటకిటలాడే యోసెల్లో, ఆ ముగింపు చెల్లకుండా పోయిందంటారు. కథకులు కథ మార్చారు. తగయే కత్తి లాక్కుని తిరగబడ్డాడు, ఎగిరింది సమురాయి తల. చివరి కేక అక్షరం కూడా మారలేదు, దాని అర్థం మాత్రం తలకిందులైంది. అంతకు ముందు అది 'అదిగో తగయ తల పోయింది' అన్న కేక. ఇప్పుడది రంగస్థలం మీద నటుడికి వేసే 'శభాష్' లాంటిది. ఏ సంస్కర్తా ఉపదేశించలేదు, ఏ సభా తీర్మానించలేదు. టిక్కెట్టు కొన్నవాళ్లు నవ్వలేదు, అంతే. జానపద కళలు భూస్వామ్య సంస్కృతి అవశేషాలని ఒక్క మాటతో తోసేసేవాళ్లు ఈ కథ దగ్గర కొంచెం ఆగాలి. అవశేషమే కావచ్చు. ఆ అవశేషం లోపల పోరాటం జరిగిందా లేదా, జరిగితే ఎవరు గెలిచారు అనేది చూడవలసిన పని విమర్శకుడిది.

1868 తరువాత వచ్చిన మెయిజి ప్రభుత్వం నిషేధించడం కన్నా తెలివైన పని చేసింది. 1872లో దైవభక్తి, దేశభక్తి, చక్రవర్తి పట్ల విధేయత బోధించడానికి ప్రచారకుల్ని నియమిస్తూ, పూజారులతోపాటు కథకుల్ని కూడా ఆ జాబితాలో చేర్చింది. నవ్వించేవాడిని నీతి పంతులుగా మార్చే ప్రయత్నం. (నేనూ పంతులునే కనుక ఈ ఉద్యోగం కష్టసుఖాలు కొంత తెలుసు.)

అయితే ఆ రోజుల్లోనే రకుగో జపాన్ సాహిత్యానికి ఒక మేలు చేసింది, ప్రభుత్వం ఊహించని వైపు నుంచి. సన్యూతెయి ఎంచో (1839–1900) అనే కథకుడు మొదట్లో తెరలూ దీపాలూ పెట్టి ఆర్భాటంగా చెప్పేవాడు. తరువాత అవన్నీ వదిలేసి ఒక్క విసనకర్రతో కూచున్నాడు. 1884లో ఆయన చెప్పిన 'బొతన్ దోరో' అనే దయ్యం కథను వకబయషి కన్జో, సకాయి షోజో అనే ఇద్దరు సంక్షిప్తలేఖకులు మాట మాటా పట్టుకుని రాసి అచ్చు వేయించారు. సంక్షిప్తలిపి అప్పుడప్పుడే జపాన్‌కు వచ్చింది. జపనీసు రచయితలు అంతదాకా గ్రాంథికంలోనే రాస్తున్నారు. కొత్తగా నవల రాయబోతూ భాష దగ్గర చిక్కుపడ్డ ఫుతబతెయి షిమెయికి, ఎంచో చెప్పినట్టు రాసి చూడమని త్సుబొఉచి షోయో సలహా ఇచ్చాడు. 1887లో మొదలైన 'ఉకిగుమొ' నవల అలా వచ్చింది. ఆధునిక జపనీసు వచనానికి దాన్ని నాందిగా చెబుతారు. అంటే, ఒక దేశపు ఆధునిక వచనం పండితుడి బల్ల మీద మాత్రమే పుట్టలేదు, పనివాళ్లు గుమిగూడే శాలలో వినిపించిన నోటి మాటకూ అందులో వాటా ఉంది. మన 'కన్యాశుల్కం' అచ్చుకు వచ్చింది 1897లో. గిడుగు వారి వ్యావహారిక భాషా పోరాటం ఇంకా తరువాత. తెలుగు ఎం.ఏ.లో ఆ పోరాటం గురించి ప్రశ్నలకు జవాబులు రాసి వచ్చిన నాకు, సముద్రాలకు ఆవల అదే తగువు కొంచెం ముందుగా నడిచిందనీ, అక్కడ సాక్ష్యం చెప్పిన వాళ్లలో ఒకడు హాస్య కథకుడనీ తెలిసిన రోజు పొందిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇవన్నీ చదివి ఊరుకోక ఒక యోసెను కళ్లారా చూశాను. 2024 దసరా సెలవుల్లో టోక్యోలో ఉద్యోగం చేస్తున్న మా అక్క కొడుకు దగ్గరికి వెళ్లినప్పుడు, ముందు షింజుకులోని సుయెహిరొతెయికి తీసుకెళ్లమన్నాను. "అక్కడంతా పాతకాలపు మాటలు మామయ్యా, నాకే సగం అర్థం కాదు" అన్నాడు. అయినా పక్కన కూచుని ఓపిగ్గా చెవిలో చెప్పాడు. ఒకప్పుడు వందకు మించి యోసెలున్న ఆ నగరంలో ఏడాది పొడవునా రోజూ నడిచేవి ఇప్పుడు నాలుగే: ఉఎనొ, అసకుస, ఇకెబుకురొ, షింజుకు. 1923 భూకంపం, 1925లో వచ్చిన రేడియో, సినిమా, యుద్ధపు బాంబులు, టెలివిజన్ తలా కొంత మింగాయి. సుయెహిరొతెయి ప్రస్తుత భవనం యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, 1946లో కట్టింది. రంగురంగుల దీపాల మేడల మధ్య చెక్క ఇల్లు. బయట వేలాడే పలకల మీద కథకుల పేర్లు లావుపాటి అక్షరాల్లో ఉన్నాయి. గీతల మధ్య సందు వీలైనంత తక్కువ. లోపల కుర్చీల మధ్య కూడా అలాగే ఖాళీ ఉండకూడదని కోరిక. మధ్యలో కుర్చీలు, ఇరుపక్కలా చాపలు పరిచిన అరుగులు. మేము చాప మీద కూచున్నాం.

నెలను పదేసి రోజుల చొప్పున మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో బృందాన్ని వేస్తారు. ముందు చిన్నవాళ్లు, చివర పెద్ద కథకుడు. మధ్యమధ్య గారడీ, బంతులాట, జంట హాస్యం, కాగితం కత్తిరించే కళ. ఈ చిల్లర అంశాలను 'ఇరొమొనొ' అంటారు, రంగువి అని. ప్రకటన పలకల మీద వాళ్ల పేర్లు ఎర్ర సిరాతో రాసేవారట. ఆ రోజు కాగితం కత్తిరించే ఆయన ఏది కావాలో అడగమంటే ముందు వరసలో పసిపిల్ల పిల్లి అంది, వెనకనుంచి ఎవరో ఒక రాజకీయ నాయకుడి పేరు అరిచారు. ఆయన ఒళ్లు ఊపుతూ ఊపుతూ పిల్లినే కత్తిరించాడు. జనం ఘొల్లుమన్నారు. ఆ నవ్వులో ఉన్నదాన్ని మా వాడు అనువదించనక్కర్లేకపోయింది.

ఏ కథకుడు ఏ కథ చెబుతాడో ముందు ప్రకటించరు. అతను వేదిక ఎక్కి, నాలుగు పిచ్చాపాటీ మాటలతో జనం నాడి చూసి, అప్పుడు కథ ఎంచుకుంటాడు. ముందు చెప్పినవాళ్ల కథ మళ్లీ రాకుండా వెనక గదిలో ఒక చిట్టా ఉంటుంది. ఏ రోజు ఎవరు ఏం చెప్పారో శిష్యుడు అందులో కుంచెతో రాస్తాడు. ఆ చిట్టా పుటలు నా చేతికి దొరికితే సాహిత్య చరిత్రలు కొన్ని పక్కన పెట్టేస్తాను. ఏ కాలంలో జనం దేనికి నవ్వారో అందులో ఉంటుంది కదా!

శరదృతువు కనుక ఆ రాత్రి 'మెగురొ సన్మ' కథ వచ్చింది. సన్మ పేదలు తినే చేప. షికారుకు వెళ్లిన ప్రభువు ఆకలేసి, మెగురొ పల్లెలో బొగ్గుల మీద మాడ్చిన సన్మ తిని రుచికి మురిసిపోతాడు. కోటకు వచ్చి అదే కావాలంటాడు. వంటవాళ్లు మంచి చేపే తెచ్చి, ప్రభువుకు చెరుపు చేస్తుందని కొవ్వంతా ఆవిరికి పోగొట్టి, గొంతులో గుచ్చుకుంటుందని ముళ్లన్నీ ఏరేసి, పిప్పి చేసి పెడతారు. ఈ చేప ఎక్కడిదని అడుగుతాడు. నిహొంబషి చేపల బజారుదంటే, అదీ సంగతి, సన్మ అంటే మెగురొదే కావాలి అంటాడు. మెగురొకు సముద్రం లేదు! చాప మీద మా పక్కనున్న ముసలావిడ ఆఖరి మాటకు ముందే నవ్వడం మొదలుపెట్టింది. కథ అందరికీ తెలుసు. మన ఊళ్లో రాయబారం పద్యాలు నోటికి వచ్చినవాళ్లే ముందు వరసలో కూచుని వన్స్‌మోర్ కొట్టినట్టు, వాళ్లు ఆ మాట ఈ కథకుడి నోట ఎలా వస్తుందో వినడానికి వచ్చారు.

అక్కడ కనిపించినదంతా నాకు నచ్చలేదు. అడుగు మెట్టు శిష్యుడు టీ అందించాలి, గురువు బట్టలు మడవాలి, డోలు కొట్టాలి, కథకుడు మారినప్పుడల్లా మెత్త తిప్పి వేసి పేరు కాగితం మార్చాలి. వచ్చిన టిక్కెట్టు డబ్బుల్లో కథకులకు పంచే వాటాలో అతనికి భాగం లేదు. ఏళ్ల తరబడి ఇంతే. ఈ గురుకుల సంప్రదాయాన్ని చూసి మురిసిపోయేవాళ్లున్నారు. నేను మురవను. సమురాయి తల ఎగరేసిన వేదిక వెనకనే కులవృత్తిలాంటి దొంతర కట్టుదిట్టంగా నిలిచి ఉంది.

ఇక ఆ 53 కథల సంగతి. వాటిలో చాలా భాగం యొషివర వంటి వేశ్యావాటికల కథలు, మిగిలినవి అక్రమ సంబంధాలవీ ఆ తరహావీ. యుద్ధకాలంలో నీతి కాపాడటానికి వీటిని ఆపారన్నది పైకి చెప్పిన మాట. అదే రాజ్యం అదే కాలంలో తన సైన్యం కోసం చైనాలోనూ ఇతర చోట్లా 'సుఖశిబిరాలు' నడిపింది. కొరియా, చైనా, మరెన్నో దేశాల స్త్రీలను వాటిలో బంధించింది. వేశ్యావాటిక నడపడం నీతిబాహ్యం కాదు, దాని గురించి కథ చెప్పడం నీతిబాహ్యం! యుద్ధకాలపు నీతి అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు. కథకులు కేవలం బలిపశువులు అనుకోవడం కూడా పొరపాటే. 1938లో యొషిమొతొ వినోద సంస్థ, అసహి పత్రిక కలిసి చైనా యుద్ధరంగంలో సైనికుల్ని నవ్వించడానికి హాస్య బృందాల్ని పంపాయి. యుద్ధవిమానాల దళాలను 'అరవషి', అంటే భీకర గద్దలు అనేవారు. దాని మీద శ్లేషగా ఈ బృందానికి 'వరవషి' అని పేరు పెట్టారు. పొదుపు చెయ్యండి, ఇరుగుపొరుగు సంఘాల్లో చేరండి అని బోధించే 'జాతీయ విధాన' కథలు అల్లిన కథకులూ ఉన్నారు. ఆ రోజుల్లో మహా కథకులనిపించుకున్న కొకొంతెయి షిన్షో, సన్యూతెయి ఎన్షో 1945 మేలో మంచూరియాకు వెళ్లి, ఓటమి తరువాత అక్కడే ఇరుక్కుని, 1947లో గానీ ఇల్లు చేరలేదు.

1946 సెప్టెంబరు 30న పాతిన కథలకు విడుదల ఉత్సవం జరిగింది. ఖాళీ అయిన సమాధిలో యుద్ధకాలపు రచనల్ని పెట్టారు. పాతిన కథల్ని ఈనాటికీ చెబుతున్నారు. పొదుపు కథలు ఎవరికీ గుర్తులేవు.

ఆ తిరిగి వచ్చిన కథల్ని మనం కళ్లు మూసుకుని నెత్తికెత్తుకోలేం. 'షినగవ షింజూ' చూడండి. వయసు మీరుతున్న ఒసొమె అనే వేశ్య, రుతువు మారినప్పుడు ఆర్భాటంగా కొత్త బట్టలు కట్టాలనే ఆచారానికి డబ్బు పుట్టక, ఆ అవమానం కన్నా చావు నయమనుకుంటుంది. ఒంటరిగా చస్తే అప్పుకోసం చచ్చిందంటారని, తోడు చావడానికి ఒక తెలివితక్కువ విటుడిని ఎంచుకుంటుంది. అతన్ని సముద్రంలోకి నెట్టిన క్షణాన డబ్బు వచ్చిందని కబురు వస్తుంది. ఇంకేం, తను దూకదు. అతను పడ్డ చోట నీళ్లు లోతు లేవు, లేచి వస్తాడు. ఒసొమె కపటం మీద మగ ప్రేక్షకులు తరాల తరబడి నవ్వారు. ఆమె అప్పు ఎవరికీ నవ్వు తెప్పించేది కాదు, కనుక అది కథ అంచున ఉండిపోయింది. తగయ విషయంలో ముగింపును మార్చగలిగిన ప్రేక్షకులు ఒసొమె విషయంలో మార్చలేదంటే కారణం వెతకనక్కర్లేదు. ఆ చాపల మీద కూచున్నవాళ్లు ఎక్కువగా పనివాళ్లూ మగవాళ్లూ. టోక్యోలో స్త్రీలు షిన్‌ఉచి హోదా, అంటే చివరి కథ చెప్పే అర్హత, పొందింది 1993లో: సన్యూతెయి కరుత, కొకొంతెయి కికుచియొ. కరకు దువ్వెనలు పక్కన పెట్టి వేదిక ఎక్కిన 195 ఏళ్లకు! ఒసొమె కథను ఆమె లెక్కల పుస్తకం వైపునుంచి చెప్పగలిగేవాళ్ల కాలం ఇప్పుడిప్పుడే మొదలైంది.

2021 ఏప్రిల్‌లో కరోనా మూడో అత్యవసర స్థితి ప్రకటించినప్పుడు, ప్రేక్షకుల్ని రానివ్వవద్దని టోక్యో ప్రభుత్వం అన్ని వేదికలకూ చెప్పింది. సామాజిక జీవితం నిలవడానికి అవసరమైనవాటికి మినహాయింపు ఉందని అందులోనే ఒక మాట ఉంది. నాలుగు యోసెలూ ఆ మాట పట్టుకుని, మేము అవసరమైనవాళ్లమే అని తలుపులు తెరిచి ఉంచాయి. అధికారులు మళ్లీ అడిగాక మే 1 నుంచి మూశాయి. ఆ నెలలోనే రెండు కథకుల సంఘాలు కలిసి, యోసెలు మూతపడకుండా 5 కోట్ల యెన్‌లు కావాలని జనాన్ని అడిగాయి. 10 కోట్లకు పైగా వచ్చాయి.